కాలికి కట్టు, చేతికి తుపాకీ

కర్నూలు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే ఖాదరూ,

ఫోన్ చేస్తే రెండు నిమిషాలకే "పనిలో ఉన్నా, మళ్ళీ చేస్తా" అంటావు. ఆ మళ్ళీ మాత్రం రాదు. అందుకే కాగితం పట్టుకున్నా. నేను తీరిగ్గా రాస్తా, నువ్వు తీరిగ్గా చదువుకో. నాకిప్పుడు తీరికకు కొదవ లేదు.

పత్తికొండ పక్క ఒక పొలం కొలతకు పోయి గెనిమ మీంచి జారిపడ్డానని చెప్పినా కదా. వానకు నానిన నల్లరేగడి ఎట్లుంటుందో నీకు తెలుసు. చెప్పులకు చెరో కేజీ మట్టి అంటుకుని కాలు మన మాట వినదు. చేతిలో రోవర్ ఉంది, ఉపగ్రహాల సాయంతో హద్దులు కొలిచే మా సర్వేయర్ల పరికరం. దాని ఖరీదు గుర్తొచ్చి దాన్ని పైకెత్తి పట్టుకుని నేను కింద పడ్డా. రోవర్‌కు గీత కూడా పడలేదు, నా మడమ ఎముక సన్నగా చీలింది. ఏ అన్నదమ్ములైతే గెనిమ కోసం కొట్లాడుకుని నన్ను పిలిపించారో, ఆ ఇద్దరే చెరో పక్క పట్టుకుని నన్ను ఆటోలో పడుకోబెట్టారు. ఏండ్ల తరబడి మాటల్లేని ఆ ఇద్దరూ కలిసి చేసిన మొదటి పని అదేనంట. నాలుగు వారాలు కట్టు.

మొదటి వారం ఫ్యాను రెక్కలు లెక్కపెట్టినా. మూడే. రెండో వారం మా అక్క కొడుకు సెలవులకొచ్చాడు. ఇంజినీరింగ్ పిల్లోడు కదా, నా ముఖం చూసి జాలిపడి తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "మామా, ఇది ఆడు. నాకంటే పన్నెండేండ్లు పెద్దది. నీకు సరిపోతుంది" అన్నాడు. ఆట పేరు డూమ్. 1993 డిసెంబరు 10న వచ్చిందంట. అప్పుడు మనం పదో తరగతి, హాఫియర్లీ పరీక్షల్లో ఉన్నాం. సోషల్ పరీక్షకు ముందురోజు రాత్రి మీ మిద్దె మీద లాంతరు పెట్టుకుని చదివినట్టే చదివి నిద్రపోయినామే, ఆ నెల. అవతల అమెరికాలో ఐడీ సాఫ్ట్‌వేర్ అనే చిన్న జట్టు ఈ ఆట తయారుచేసి వదిలింది. మనం కంప్యూటర్ ముట్టుకున్నది పాలిటెక్నిక్‌లోనే కదా. అదీ చెప్పులు బయట విప్పి, ఏసీ గదిలో దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడి. ఆటలంటే తర్వాత ఫోన్లో పాము ఆట, అంతే. అంటే నలభై ఏడో ఏట మొదటిసారి తుపాకీ పట్టినా.

కర్నూలోళ్ళం అని చెప్పగానే బయటి ఊళ్ళలో మనల్ని ఎట్ల చూస్తారో నీకు నాకంటే బాగా తెలుసు. బాంబులు పక్కలో పెట్టుకుని పడుకుంటామనుకుంటారు. చూడరా, ఈ వయసుదాకా నేను పట్టింది పొలాలు కొలిచే గొలుసు, క్రాస్‌స్టాఫ్, ఇప్పుడు రోవర్. తుపాకీ ఇదే మొదలు.

కథ పెద్దగా ఏమీ లేదు. అంగారకుడికి ఫోబోస్, డైమోస్ అని రెండు చందమామలున్నాయి కదా, అక్కడ ఒక కంపెనీ మనుషుల్ని ఒకచోట మాయం చేసి ఇంకోచోట తేల్చే ప్రయోగాలు చేస్తుంటుంది. అది బెడిసికొట్టి నరకం తలుపులు తెరుచుకుంటాయి. దయ్యాలొస్తాయి, కాపలా సైనికులు నడిచే శవాలవుతారు. మిగిలింది మనమొక్కళ్ళం. చేతిలో పిస్తోలు, యాభై తూటాలు. కథ అయిపోయింది, ఇంక నడువు.

నడువు అన్నంత సులభం కాదు నడవడం. బాణాల మీటలతో నడవాలి, కంట్రోల్ మీటతో కాల్చాలి, స్పేస్ బార్‌తో తలుపు తెరవాలి. నేను తలుపు తెరవబోయి కాల్చినా, కాల్చబోయి తలుపు తెరిచినా. ఆ ల్యాప్‌టాప్ స్పేస్ బార్ కింద ఉగ్గాని తిన్నప్పటి బొరుగు ఒకటి ఇరుక్కుని ఉంది, కుడిపక్క నొక్కితేనే పనిచేస్తుంది. ఈ తంటాలు పడుతూ ఇరవై నిమిషాలు ఆడానో లేదో తల గిర్రున తిరిగింది. శ్రీశైలం ఘాట్‌లో బస్సు చివరి సీట్లో కూర్చున్నప్పటి లెక్క. నోట్లో నీళ్ళూరి, కడుపులో దేవినట్టయింది. కళ్ళేమో పరిగెత్తుతున్నామంటాయి, చెవి లోపలుండే తూకమేమో మంచం మీదే ఉన్నామంటుంది, ఆ రెండింటి తగాదా అది. ఇద్దరిలో ఎవరికీ సర్ది చెప్పలేక ల్యాప్‌టాప్ మూసి మజ్జిగ తాగి పడుకున్నా. ఆడుతూ ఆడుతూ మూడోరోజుకు తగ్గింది.

ఇంట్లో గోల వేరే. ఆ ఆటలో తలుపులు పక్కకు తెరుచుకోవు. మన బజారులో షట్టర్లున్నాయే, అట్ల పైకి లేస్తాయి. గుర్‌ర్‌ మని శబ్దం. కాసేపటికి వాటంతటవే దిగిపోతాయి. పక్కగదిలోంచి మా అమ్మ, "ఎవరో అంగడి తెరిచినట్టుంది, చూడండి, పాలపాకెట్ తెప్పించండి" అంటుంది. రాక్షసులు గురగురమంటే "యాడనో పంది అరుస్తాంది, గేటు వేసినారా?" అంటుంది. మా ఇంటామె మాత్రం వాకిట్లో నిలబడి చూసి, "ఏమయ్యా, కాలు బాగుంటే మంది పొలాల్లో తగాదాలు, బాగలేకుంటే ఇది" అని బుడ్డల గిన్నె పక్కన పెట్టి పోయింది. కోపమో ముద్దో తెలీలేదు. బుడ్డలు మాత్రం ఉప్పేసి ఉడకబెట్టినవి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది కాల్చే ఆట అని చెప్పే నాకిచ్చారు. అందరూ అట్లనే అంటారంట. రెండురోజులు నేనూ అదే అనుకుని ఎదురొచ్చినదాన్నల్లా కాలుస్తూ, చస్తూ పోయినా. మూడోరోజు చెయ్యి తగిలి ట్యాబ్ మీట నొక్కుకుంది. ఒరే ఖాదరూ, తెర మీద ఏం కనపడిందో తెలుసా? ఎఫ్‌ఎంబీ! పొలాల హద్దులు గీసిపెట్టే మన కొలతల పుస్తకం!

నిజం చెప్తున్నా. నల్లటి కాగితం మీద గీతలు. నేను నడిచి చూసినంత మేర గదుల హద్దులు గీసి ఉన్నాయి. దాటలేని గోడలు ఎర్రగీత. నేల ఎత్తు మారే చోట గోధుమరంగు. కప్పు ఎత్తు మారే చోట పసుపు. మధ్యలో తెల్లబాణం, అది నేను. ఇంకా చూడని జాగా ఖాళీ. ఇరవై ఆరేండ్లుగా నేను చేసే పనే కదరా ఇది. దాన్ని ఎవడో ఒక ఆట చేసి, నేను పదో తరగతిలో ఉన్నప్పుడే వదిలేశాడు, నాకు కబురు లేదు.

అప్పటినుంచి నా ఆట మారిపోయింది. గదిలోకి పోవడం, గోడ వెంబడి ఒక చుట్టు తిరగడం, ట్యాబ్ నొక్కడం, గీత కలిసిందా లేదా చూడటం. మేనల్లుడు తల పట్టుకున్నాడు. "మామా, కాల్చు మామా, కొలవద్దు" అంటాడు. ప్రతి మ్యాపు (ఆటలో ఒక్కో అంచెను అట్ల అంటారు) చివరా లెక్క చూపిస్తుంది. ఎన్నింటిని చంపినావ్, ఎన్ని వస్తువులు ఏరినావ్, ఎన్ని రహస్యాలు కనిపెట్టినావ్, ఎంతసేపు పట్టింది అని. మొదటి మ్యాపుకు వాళ్ళు పెట్టిన గడువు ముప్పై సెకన్లు. నాకు పద్నాలుగు నిమిషాలు పట్టింది. సర్వే అంటే అంతే పడుతుంది, నేనేం చేసేది?

ఆ మొదటి మ్యాపులోనే నన్ను పట్టేసిన సంగతి ఒకటుంది. మొదలయ్యే గదికి ఒక పక్క కిటికీలుంటాయి. అవతల ఆకాశం, కొండలు, ఒక పచ్చనీళ్ళ గుంట, ఆ గుంట మధ్యలో నీలం కవచం తళతళమని. కనపడుతుంది, పోవడానికి దోవ లేదు. నాకు ఒళ్ళు మండింది. దోవ లేని సేను ఉంటుందా? ఎక్కడో ఒక బండిబాట ఉండి తీరాలి, ఎవడో పూడ్చి ఉండాలి. మన పనిలో సగం తగాదాలు ఇవే. మ్యాపు తెరిచి చూస్తే ఆ గుంటకూ, ముందరికి పోతే వచ్చే ఇంకో గదికీ మధ్య కొంత జాగా ఊరికే మిగిలిపోయింది. ఆ గదిలో విషం మడుగు మీద వంకరటింకర వంతెన ఉంటుంది. ఖాళీ జాగా ఊరికే ఉండదురా. నాలుగోరోజు ఆ వంతెన గది దగ్గర గోడలన్నీ వరసగా స్పేస్ బార్‌తో తట్టుకుంటూ పోతే, ఒక గోడ గుర్‌ర్‌ మని పైకి లేచింది. చీకటి సొరంగం. దాంట్లోంచి పోతే బయట, ఆకాశం కింద, నీలం కవచం ముందు. నేను అరిచిన అరుపుకు మా అమ్మ లేచి వచ్చింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది ఏందంటే, మనం ఎనిమిదో తరగతిలో కొండారెడ్డి బురుజు సొరంగం కోసం వెతికిందే. తుంగభద్ర కిందుగా గద్వాల దాకా పోతుందని అందరూ చెప్పుకునే సొరంగం. గోడ రాళ్ళు ఒక్కొక్కటీ తట్టినాం, ఏదీ లేవలేదు, కాపలాయన మాత్రం లేచినాడు. ముప్పై ఏండ్ల పైచిలుకు ఆగినందుకు ఒక గోడ లేచింది నాకు.

ఇంకో పోలిక కూడా చెప్తా, నవ్వొద్దు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పక్క జనం వజ్రాల కోసం చేలల్లో తల వంచుకుని తిరుగుతారే, అచ్చం అట్లనే నేను గోడ గోడకూ తిరుగుతున్నా. ఒక గోడ రంగు కాస్త తేడాగా ఉంటే చాలు, ఆగి తట్టడమే. పదింట్లో తొమ్మిది రాళ్ళే. అయినా పదోదాని కోసం తిరుగుతాం.

మేనల్లుడు దీని వెనకున్న కిటుకు చెప్పాడు. జాన్ కార్మాక్ అనే ఆయన ఈ ఆట లోపలి యంత్రాంగం రాశాడంట. 386 కంప్యూటర్, నాలుగు ఎంబీల మెమరీ ఉంటే చాలు, ఆట నడిచేది. ఇప్పుడు నా ఫోన్లో ఒక ఫొటోకే అంత పడుతుంది. అంత బక్క మెషీన్‌లో ఇంత వేగంగా గదులు ఎట్ల కనపడతాయిరా అంటే "బైనరీ స్పేస్ పార్టిషనింగ్ మామా" అన్నాడు. పార్టిషన్ అన్న మాట చెవిన పడగానే నేను లేచి కూర్చున్నా. వాడు ఇంగ్లీషులో అరగంట చెప్పింది నేను నీకు మన భాషలో చెప్తా. మొత్తం మ్యాపులో ఒక గోడను ఎంచుకుని, ఆ గీతను రెండు పక్కలా పొడిగించి, జాగాను రెండు ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కను ఇంకో గోడ గీతతో మళ్ళీ రెండు. సర్వే నంబరు 214 కాస్తా 214/1, 214/2 అయి, అందులోంచి 2ఏ, 2బి అయినట్టు, లోపలికి వంకర లేని చిన్న ముక్కలు మిగిలేదాకా పంచుకుంటూ పోతారు. ఈ పంపకం మొత్తం ముందే చేసి ఫైల్లో పెట్టేస్తారు. ఆట ఆడేటప్పుడు ప్రతి గీత దగ్గరా ఒకటే ప్రశ్న: మనిషి ఈ గీతకు ఏ పక్కనున్నాడు? ఉన్న పక్కది దగ్గర, అవతలిది దూరం. దగ్గరి గోడలు ముందు గీసేస్తారు, వాటి చాటున పూర్తిగా దాక్కున్నదాన్ని గీయనే గీయరు. అంతే. సబ్‌డివిజన్ సరిగ్గా చేసుంటే తర్వాత పని సగం తగ్గుతుందని నేను మొత్తుకునేది ఇదే కదా! ఏ రైతూ వినడు. ఆయన విన్నాడు.

దీనికి ముందు 1992లో వాళ్ళదే వుల్ఫెన్‌స్టైన్ 3డి అని ఇంకో ఆట వచ్చింది, అదీ చూపించాడు. అందులో గోడలన్నీ లంబకోణాలే, ఎత్తంతా ఒకటే. నంద్యాల రోడ్డులో వేసిన ప్లాట్ల లేఅవుట్ మాదిరి. నాకు నచ్చలేదు. డూమ్ గోడలు మన ఊళ్ళ చేల మాదిరి అడ్డదిడ్డంగా పోతాయి, మెట్లుంటాయి, గుంటలుంటాయి. కానీ ఒకటి, మిద్దె మీద మిద్దె మాత్రం ఉండదు. ఏ చోటైనా ఒకటే నేల, ఒకటే కప్పు. ఎందుకంటే అడుగున ఉన్నది కాగితం మీది పటమే, దాన్ని గీత గీతకూ ఎత్తు రాసి నిలబెట్టారు. తల పైకెత్తి చూడటం కూడా లేదు. శత్రువు అరుగు మీదుంటే మనం నేరుగా కాల్చినా తూటా తనంతట తనే పైకి పోతుంది. మొదటి భాగంలోని మ్యాపులు ఎక్కువభాగం జాన్ రొమేరో అనే ఆయన గీశాడంట. చెయ్యి తిరిగినవాడు. ఒకచోట నువ్వు నిలబడి చూసిన కిటికీ, పది నిమిషాల తర్వాత నువ్వు అవతల నిలబడి చూసే కిటికీ అవుతుంది. మన డ్రాయింగ్ సారు చూసుంటే సున్నా బదులు రెండు మార్కులు వేసేవాడు.

శబ్దం సంగతి చెప్పాలి. తుపాకీ పేలిస్తే ఆ శబ్దం తెరిచున్న దోవల్లోంచి గది గదికీ పోతుంది, విన్న రాక్షసులన్నీ లేచి వెతుక్కుంటూ వస్తాయి. మధ్యలో తలుపు మూసుంటే అక్కడికి ఆగుతుంది. ఊరి మొదట్లో నేను ట్రైపాడ్ దింపగానే ఆఖరి పొలం రైతు దాకా కబురు పోవడం లేదూ? అదే. అందుకే ఇప్పుడు తలుపు దిగేదాకా ఆగి కాలుస్తున్నా.

ఇంకొకటి నాకు భలే నచ్చింది. గోధుమరంగు దయ్యం ఒకటుంది, ఇంప్ అంటారు, నిప్పు ముద్దలు విసురుతుంది. అది నా మీద విసిరింది పొరపాటున మధ్యలో ఉన్న గులాబీరంగు దున్నపోతులాంటిదానికి తగిలింది. దున్నపోతు నన్ను వదిలేసి వెనక్కి తిరిగి ఇంప్ మీద పడింది. నేను స్తంభం చాటున నిలబడి చూసినా. పార్టీలు రెండూ కొట్టుకుంటుంటే సర్వేయర్ వేపచెట్టు నీడన నిలబడాలి, మధ్యలో దూరకూడదు. గెలిచింది అలిసిపోయి ఉంటుంది, అప్పుడు రెండు గుండ్లు చాలు.

భయం లేదా అంటే, ఉంది. రెండో మ్యాపులో ఒక చీకటి సందుల గుంపు ఉంది, లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. రాత్రి పదిన్నరకు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అందులో తిరుగుతున్నా. ఎడమచెవిలో ఊపిరి లాంటి గురక. ఎడమకు తిరిగితే ఎవరూ లేరు. ఇప్పుడు అదే గురక కుడిచెవిలో. తిరిగేలోపల వీపు మీద పడింది. చచ్చినప్పుడు ఏమవుతుందో తెలుసా? తెర ఎర్రబడి, చూపు మెల్లగా నేలకు జారుతుంది, మనిషి కూలినట్టే. తల పక్కకు తిరిగి చంపినదాని వైపు చూస్తుంది. అది అక్కడే నిలబడి ఉంటుంది. నేను కట్టు కట్టిన కాలు మర్చిపోయి మంచం మీంచి దిగబోయినా. తెర కింద మన మనిషి ముఖం ఒకటుంటుంది, దెబ్బలు తగిలేకొద్దీ నెత్తుటితో తడిసిపోతుంది, కొత్త తుపాకీ దొరికితే పళ్ళికిలిస్తుంది. చచ్చాక ఆ ముఖం చూసి పాపమనిపించింది. నా బుద్ధితక్కువకు వాడు బలి.

డ్రమ్ముల సంగతి రాయను. పక్కన నిలబడి కాల్చకూడదని ఎవరూ చెప్పలేదు.

మొదటి భాగం అప్పట్లో ఊరికే ఇచ్చారంట, ఎంతమందికైనా కాపీ చేసి పంచుకోమన్నారు. నచ్చినవాళ్ళు డబ్బు పంపి మిగతా రెండు భాగాలు తెప్పించుకోవాలి. బుడ్డలమ్మేవాడు ముందు గుప్పెడు చేతిలో పోస్తాడే, తినుకుంటూ నిలబడితే శేరు కొనకుండా పోగలమా? 1997లో లోపలి కోడ్ కూడా బయటపెట్టేశారు. దాంతో జనం దీన్ని కెమెరాల్లో, ప్రింటర్ల తెరల మీద కూడా ఆడించారని చెప్పాడు మేనల్లుడు. రోవర్ కంట్రోలర్‌లో నడుస్తుందా అని నేనడిగితే వాడు ఆలోచనలో పడ్డాడు. వద్దులే, రైతులు చూస్తే చంపుతారు.

నిన్న రాత్రి ఎనిమిదో మ్యాపు అయింది. చివర్లో ఇద్దరు మేక కాళ్ళ రాక్షసులు ఒకేసారి వస్తారు, పచ్చటి నిప్పులు విసురుకుంటూ. ఏడుసార్లు చచ్చి ఎనిమిదోసారి ఇద్దరినీ పడేసినా. గోడలు దిగిపోయాయి, దోవ కనపడింది, గెలిచినానని గంతేసి పోయినా. పోతే ఒక చీకటి గది, చుట్టూ దయ్యాలు, తప్పించుకునే దోవ లేదు. ఒంట్లో బలం దానంతటదే కరిగిపోయి ఆఖరికి ఆట ముగిసింది. అంటే గెలిచినవాడికి ఇచ్చే బహుమతి చావు! మిగతా కథ కావాలంటే కొనుక్కో అని అర్థం. రాత్రి పన్నెండింటికి నేను తిట్టిన తిట్లు అన్నీ నువ్వు నేర్పినవే.

అయితే ఇంకా ఒకటి మిగిలింది, నీకు ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. ఈ భాగంలో మొత్తం తొమ్మిది మ్యాపులు. నేను చూసింది ఎనిమిది. తొమ్మిదోదానికి దోవ మూడోదాంట్లో ఉందంట, దొంగ తలుపు. మేనల్లుడికి తెలుసు, చెప్పడు. "ఇంటర్నెట్‌లో చూడనా?" అంటే "చూడు మామా, అయితే ఇంక ఎవరికీ సర్వేయర్‌నని చెప్పుకోవద్దు" అన్నాడు. వెధవ, మాట పడనిచ్చే రకం కాదు నేను కూడా.

కాబట్టి మూడో మ్యాపు మొత్తం అడుగులు లెక్కపెట్టి, గ్రాఫు కాగితం మీద స్కేలుకు గీసి ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నా. ఎర్ర పెన్ను గోడలు, పెన్సిల్ నేల ఎత్తులు. నాకు రెండుచోట్ల ఖాళీ అనుమానంగా ఉంది, వాటికి గుర్తు పెట్టలేదు. పాలిటెక్నిక్‌లో నా డ్రాయింగుల్లో తప్పులు నువ్వే పట్టేవాడివి. నా కళ్ళు ఈ పటానికి అలవాటు పడిపోయాయి, కొత్త కళ్ళు కావాలి. ఏ గోడ తట్టాలో చుట్టు గీసి ఫొటో పంపు. నువ్వు కూడా ఫోన్లో వెతికి చెప్పేవు, మన స్నేహం మీద ఒట్టు.

వచ్చే శనివారం కట్టు విప్పుతారు. ఆలోపలే పంపు.

నీ
రమణ

పటం మడతపెట్టేటప్పుడు కాఫీ చుక్క పడింది, ఈశాన్యం మూలన. అది గుంట అనుకునేవు.